హౌజులో నాచు, బొగ్గుతో నీటి శుద్ధి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. రోజంతా ఉర్దూలో పాఠం చెప్పిన నోటికి తెలుగులో ఉపన్యాసం అంటే కొంచెం తడబాటే. అయితే కార్యదర్శిగారు, ‘సావనీరు చదివే పిల్లల్లో సగానికి పైగా తెలుగు చదివేవాళ్ళే, తెలుగులోనే చెప్పండి మాస్టర్ సాబ్’ అన్నారు. మాటలో తప్పు దొర్లితే మన్నించవలసిందిగా మనవి.

నాకిచ్చిన విషయం ‘హానికరమైన నాచుతో మురికి నీటిని శుభ్రం చేయడం’. ఎందుకిచ్చారో మీకు తెలుసు. కిందటేడు మా బడిలో సైన్సు ప్రదర్శన జరిగింది. మసీదు హౌజులో పేరుకున్న నాచును తీసి, ఎండబెట్టి, కాల్చి బొగ్గు చేసి, ఆ బొగ్గును ఒక ప్లాస్టిక్ సీసాలో కూరి, పైనుంచి నీలం రంగు నీళ్ళు పోశాం. కింద తెల్లటి నీళ్ళు దిగాయి. చప్పట్లు మోగాయి. ఒక పెద్దాయన తాగి చూస్తానని గ్లాసు చాపారు. ఆయన చేతిలోంచి గ్లాసు లాక్కోవలసి వచ్చింది, ఆ సంగతి ఆయన ఇంకా మరిచిపోలేదు. ఆ తర్వాత సంఘం కమిటీ కూర్చుని, మసీదు కుళాయికీ బడి కుళాయికీ ఇలాంటి బొగ్గు డ్రమ్ములు బిగించాలని తీర్మానం చేసింది, డబ్బు కూడా విడిగా తీసి ఉంచింది.

ఆ డబ్బు అలా ఖర్చు పెట్టవద్దని చెప్పడానికే ఇవాళ నేను నిలబడ్డాను. కోప్పడకుండా చివరిదాకా వినండి.

ముందు నాచు సంగతి. ఉర్దూలో మనం దీన్ని కాయీ అంటాం. తెలుగువాళ్ళు నాచు అంటారు, పాచి అంటారు. పాచి అనే మాట ఎంత చెడ్డదంటే, పొద్దున్నే కడుక్కోని నోటికీ, అంట్లు తోమే పనికీ అదే పేరు పెట్టారు. కానీ నాచంతా ఒకటి కాదు. గోడకు పట్టే పచ్చదనం వేరు, నీళ్ళలో జుట్టులాగా తీగలు సాగేది వేరు. ఎండాకాలంలో నీటి మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్లు తెట్టెగా తేలి, కంపు కొట్టేది ఇంకొకటి. ఈ మూడోదాన్ని మన పాఠ్యపుస్తకాల్లో నీలి ఆకుపచ్చ శైవలాలు అని రాస్తారు. నిజానికివి మొక్కలు కూడా కావు, సూర్యరశ్మితో ఆహారం చేసుకునే బాక్టీరియాలు. వీటి బంధువులే వరి మడిలో గాలి నుంచి నత్రజని పట్టి పైరుకు ఇస్తాయి, రైతుకు మిత్రులు. అదే వంశంలో మైక్రోసిస్టిస్ అనేది విషం తయారు చేయగలదు. ఆ విషం నేరుగా కాలేయం మీద దెబ్బ తీస్తుంది. తాగే నీటిలో ఈ జాతి విషాల్లో ముఖ్యమైనదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు ఒక మైక్రోగ్రాము. అంటే గ్రాములో పది లక్షలవ వంతు.

మన హౌజు కథ మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. నాలుగేళ్ళ కింద వేసవిలో హౌజు పచ్చబడింది. ఎవరో సలహా ఇస్తే మైలుతుత్తం మూటకట్టి నీళ్ళలో తిప్పారు. రెండు రోజుల్లో పచ్చదనం పోయింది, నీళ్ళు టీ రంగుకు తిరిగాయి, పిల్లలు ముద్దుగా వేసుకున్న చేపలు వెల్లకిలా తేలాయి. నాచు చచ్చిందని అందరం సంతోషించాం. నేను కూడా సంతోషించినవాణ్ణే, సైన్సు మాస్టరునై ఉండి!

తర్వాత చదివి తెలుసుకున్నాను. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ద్వీపంలో సరిగ్గా ఇదే చేశారు. అక్కడ తాగే నీటి జలాశయంలో నాచు పెరిగి నీటికి రుచి, వాసన చెడిందని జనం ఫిర్యాదు చేస్తే తుత్తం చల్లారు. కొద్ది రోజుల్లోనే 148 మంది కాలేయం వాచినట్లుగా జబ్బు పడ్డారు. అందులో అత్యధికులు పిల్లలు. కారణమేమంటే, నాచు బతికి ఉన్నంతసేపు విషం చాలావరకు దాని కణాల్లోనే ఉంటుంది. తుత్తంతో చంపగానే కణం పగిలి, విషమంతా ఒక్కసారిగా నీటిలో కలుస్తుంది. పచ్చగా ఉన్నప్పుడు భయపడి ఎవరూ ముట్టరు, తేటపడ్డాక నమ్మి తాగుతారు. మన హౌజు నీళ్ళతో వజూ చేస్తాం, నోరు పుక్కిలిస్తాం. ఆ వేసవి ఎవరికీ ఏమీ కాలేదు, అల్ హమ్దులిల్లాహ్. అది మన తెలివి వల్ల మాత్రం కాదు.

‘మరగబెట్టుకుంటే సరిపోదా?’ అని ప్రతిసారీ ఎవరో ఒక తల్లి అడుగుతుంది. సరిపోదమ్మా. క్రిములు చస్తాయి, ఈ విషం చావదు. పైగా నీరు ఆవిరై తగ్గేకొద్దీ విషం చిక్కనవుతుంది. అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున టొలీడో అనే పట్టణం ఉంది. 2014 ఆగస్టు 2న అక్కడి అధికారులు దాదాపు ఐదు లక్షల మందికి ‘కుళాయి నీళ్ళు తాగవద్దు, మరగబెట్టి కూడా తాగవద్దు’ అని హెచ్చరిక ఇచ్చారు. రెండు రోజులకు పైగా జనం సీసా నీళ్ళ కోసం పరుగులు తీశారు. అంత ధనిక దేశంలో!

ఇంతకంటే ఘోరం బ్రెజిల్‌లో జరిగింది. 1996లో కారువారూ అనే ఊళ్ళో డయాలిసిస్ చేయించుకునే 131 మంది రోగులలో 116 మందికి తలనొప్పి, వాంతులు, చూపు మసక మొదలయ్యాయి. వందమందికి కాలేయం చెడింది. ఆ సంవత్సరం ముగిసేలోగా 52 మరణాలు ఈ విషానికి లెక్కకట్టారు. నీటి నుంచి విషం కడుపులోకి కాదు, నేరుగా రక్తంలోకి పోయింది. మన సంఘం డయాలిసిస్ రోగులకు ప్రతి నెలా సాయం చేస్తున్నది గనుక ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. డబ్బు ఇవ్వడం సరే, ఆ నీరు ఎలా శుద్ధి అవుతున్నదో కూడా ఒకసారి వెళ్ళి అడగాలి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ఇంత నాచు ఎందుకు పుడుతుంది? కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రజ్ఞుడు 1973లో చేసిన ప్రయోగం పిల్లలకు చెబితే ఎప్పుడూ కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. 226వ నెంబరు సరస్సు అని ఒకటుంది. దాని నడుము దగ్గర అడ్డంగా తెర కట్టి రెండు భాగాలు చేశారు. రెండువైపులా కర్బనం, నత్రజని కలిపారు. ఒకవైపు మాత్రం వాటితో పాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం కలిపినవైపు పచ్చటి తెట్టె కట్టింది, రెండోవైపు నీరు మామూలుగానే ఉంది. ఆకాశం నుంచి తీసిన ఫోటో చూస్తే ఎవరో సరస్సుకు సగం రంగు వేసినట్లు ఉంటుంది. ఆ భాస్వరం మన మరుగుదొడ్డి నీటిలో ఉంది, బట్టల సబ్బుపొడిలో ఉంటుంది, పొలం ఎరువులో ఉంది. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన ఎండాకాలం సాయంత్రం నడిచినవాళ్ళు ముక్కు ఎందుకు మూసుకోవాలో నేను వేరే చెప్పనవసరం లేదు.

సరే, నాచు పుట్టింది. చంపితే విషం. వదిలేస్తే కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది, చేపలు చస్తాయి. ఇక మిగిలింది తీసి బయట వేయడం. చైనాలో తాయ్ హూ అనే పెద్ద సరస్సు ఉంది. 2007 మే నెలాఖరులో అక్కడ నాచు కుళ్ళి, వూషీ నగరంలో సుమారు 20 లక్షల మందికి తాగే నీరు కంపు కొట్టి పనికిరాకుండా పోయింది. అప్పటి నుంచి పడవల మీద నాచును తోడి ఒడ్డుకు చేర్చే పని పెద్దఎత్తున చేస్తున్నారు. దీంట్లో ఒక లాభం ఉంది. నాచు తిన్న భాస్వరం నాచుతో పాటే బయటికి వచ్చేస్తుంది. కానీ ఒడ్డున పడ్డ ఆ గుట్టలను ఏం చేయాలి? నూటికి తొంభై వంతులకు పైగా నీళ్ళే. పొలంలో వేద్దామంటే విషం భయం, పశువుకు పెట్టే మాటే లేదు. అక్కడ పుట్టిన ఆలోచనల్లో ఒకటే ఈ బొగ్గు.

గాలి ఆడకుండా నాలుగైదు వందల డిగ్రీల వేడిలో నాచును కాలిస్తే, నీళ్ళు మరిగే వేడికి లొంగని ఆ కాలేయ విషం అక్కడ నిలవలేదు, విరిగిపోతుంది. మిగిలేది నల్లటి బొగ్గు. బొగ్గులో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. ఆవిరితోనో రసాయనాలతోనో ఉత్తేజపరచిన మంచి బొగ్గు ఒక్క గ్రాములో ఈ రంధ్రాల గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో దాదాపు పది గుంటల నేల! ఆ గోడలకు నీటిలోని మలినాలు అంటుకుపోతాయి. దీన్నే అధిశోషణం అంటారు. టొలీడోలో నాచు విషాన్ని పట్టడానికి నీటిలో కలిపింది కూడా ఇలాంటి బొగ్గుపొడినే. అందుకే శాస్త్రజ్ఞులకు ఆశ పుట్టింది: నాచు నుంచే బొగ్గు చేసి, ఆ బొగ్గుతోనే నీటిని బాగుచేస్తే ఎలా ఉంటుందని. ప్రయోగశాలల్లో నాచు బొగ్గు కొన్ని రంగులను, సీసం వంటి లోహాలను బాగానే పట్టింది. నాచులో మాంసకృత్తులు ఎక్కువ గనుక దాని బొగ్గులో నత్రజని మిగులుతుంది, లోహాలను పట్టడానికి అది కూడా సాయం చేస్తుంది.

మేం చేసింది డాల్డా డబ్బాతో. తెట్టెను చేతికి తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని నేనూ అటెండరూ తీశాం, పిల్లలను దగ్గరికి రానివ్వలేదు. రెండు బకెట్ల నాచు ఎండేసరికి ఒక్క పళ్ళెం నిండలేదు. డబ్బా మూతకు చిన్న చిల్లి పెట్టి నిప్పుల్లో కప్పెట్టాం. వెంట్రుకలు కాలిన కంపు! వీధివీధంతా వచ్చి ఏం కాలుతోందని అడిగింది. ఆ కంపే మాంసకృత్తుల గుర్తు. చివరికి దక్కిన బొగ్గు రెండు గుప్పిళ్ళు. అందులోనూ బూడిద పాలు ఎక్కువ.

ఇక నేను ఒప్పుకోవలసిన విషయం. ప్రదర్శనలో పోసిన నీలం నీళ్ళు మా ప్రయోగశాలలోని మిథిలిన్ బ్లూ. వేరే ఉద్దేశంతో కాదు, అలమారాలో అదే ఉంది గనుక వాడాను. ప్రదర్శన అయ్యాక మన రంగ్రేజ్ సోదరుల దగ్గర నూలుకు అద్దే ఎర్ర రంగు నీళ్ళు ఒక చెంబెడు తెచ్చి అదే సీసాలో పోశాను. పైన ఎరుపు, కింద కూడా ఎరుపే. ఇంకోసారి కొత్త బొగ్గుతో పోశాను. కొంచెం పలచబడింది, అంతే.

ఎందుచేతనంటే, మా బొగ్గు మీద రుణావేశం ఎక్కువ. మిథిలిన్ బ్లూ ధనావేశం ఉన్న రంగు, అయస్కాంతానికి ఇనుములా వచ్చి అతుక్కుంది. నూలు రంగుల్లో చాలావాటిది రుణావేశం. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అంటే మీరు చప్పట్లు కొట్టింది నాచు బొగ్గు గొప్పతనానికి సగం, నా అలమారాలో దొరికిన సీసా అదృష్టానికి సగం. నేను మోసం చేయలేదు. కానీ ఆ చప్పట్ల మీద ఆధారపడి తీర్మానం చేస్తుంటే నేను ఊరుకోవడం మోసమే అవుతుంది. ఏడాదిగా ఇది నా గొంతులో అడ్డం పడి ఉంది.

కాబట్టి తాగే నీటికి ఈ డ్రమ్ములు వద్దు. మురికి నీటిలో పెరిగిన నాచు ఆ నీటిలోని సీసమో ఆర్సెనిక్కో ముందే మింగి ఉంటుంది. కాలిస్తే విషం విరిగిపోతుంది గాని లోహం కాలదు, బొగ్గులోనే ఉండి మెల్లగా నీటిలోకి దిగవచ్చు. బూడిదలోని భాస్వరం కూడా నీటిలోకి దిగుతుంది. మనం చేసే డబ్బాలో ఎంత వేడి పుట్టిందో కొలిచే సాధనం మన దగ్గర లేదు. తాగే నీటికి బొగ్గు కావాలంటే బజారులో కొబ్బరిచిప్ప బొగ్గు దొరుకుతుంది, మన నాచు బొగ్గుకంటే వెయ్యిరెట్లు నమ్మదగినది. నల్గొండ నుంచి వచ్చిన ఒక బంధువు ‘దీనితో ఫ్లోరైడు పోతుందా భాయ్?’ అని ఎంతో ఆశగా అడిగారు. ఉత్త బొగ్గు ఫ్లోరైడును సరిగా పట్టదు. దానికి పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి ఉంది, దాని పేరే నల్గొండ పద్ధతి. మన పేరు పెట్టుకున్న దాన్ని మనమే మరిచిపోయాం.

అయితే నాచు బొగ్గు దండగా? అలా అనను. ధనావేశం ఉన్నవాటిని అది పడుతుందని చూశాం కదా. సీసం కూడా నీటిలో ధనావేశంతోనే ఉంటుంది. ఇప్పుడు మన వీధి చివరికి వెళ్ళి చూడండి. బ్యాటరీలు బాగుచేసే షాపులు నాలుగున్నాయి. పాత బ్యాటరీ విప్పి, పలకలు కడిగి, ఆ నీళ్ళు బండ మీద నుంచి మోరీలోకి వదులుతారు. ఆ మోరీ పక్కనే పిల్లలు గోలీలాడతారు. సీసం పిల్లల మెదడుకు చేసే హాని తిరిగిరానిది. ఇంతవరకైతే ఫరవాలేదు అనే హద్దే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

ఆ నాలుగు షాపుల్లో ఒకటి మా తమ్ముడిది. వాడు ఇక్కడే, కుడివైపు స్తంభం దగ్గర కూర్చున్నాడు. వాడి కొడుకు మా బడిలోనే ఆరో తరగతి. బడి వదలగానే వెళ్ళి ఆ షాపులోనే కూర్చుంటాడు, అన్నం కూడా అక్కడే తింటాడు. ఇంట్లో నాలుగుసార్లు చెప్పాను. ‘భాయ్‌జాన్, మీరు జీతగాళ్ళు, మాకు రోజు గడవాలి’ అన్నాడు. అది అబద్ధం కాదు. పాత బ్యాటరీలను రిజిస్టరు చేసుకున్న కార్ఖానాలకే పంపాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. అవి చదివి వినిపిస్తే, ఎవరు కొంటారో, ఎంతకు కొంటారో చెప్పమన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అందుచేత కమిటీకి నా మనవి ఇది. డ్రమ్ముల కోసం తీసిన డబ్బులో మొదటి రూపాయి నీటి పరీక్షకు పెట్టండి. ఆ షాపుల్లో కడిగిన నీటిని ముందు సున్నంతో తేర్చాలి, ఎందుకంటే అందులో ఆమ్లం ఉంటుంది, ఆమ్లంలో బొగ్గు సీసాన్ని సరిగా పట్టదు. సున్నంతోనే సీసం చాలావరకు అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీటిని నాచు బొగ్గులో నుంచి వదిలి, ముందూ తర్వాతా నమూనాలు తీసి, గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపాలి. సీసానికి రంగు లేదు. నీలం నీళ్ళలాగా కంటితో చూసి చప్పట్లు కొట్టడం కుదరదు, కాగితం మీద అంకె రావాలి. అంకె తగ్గకపోతే వచ్చే ఏడు ఇదే వేదిక మీద నేనే చెబుతాను.

ఇంకొక్క మాట, ఇది ఆడవాళ్ళు ముఖ్యంగా వినాలి. సీసం పట్టిన బొగ్గు బొగ్గే కదా అని పొయ్యిలో వేయకూడదు, బూడిద చేసి అంట్లు తోమకూడదు, మొక్కల్లో పోయకూడదు. మళ్ళీ అదంతా ఇంట్లోకే వస్తుంది. అడుగున దిగిన సున్నపు మడ్డికీ ఇదే వర్తిస్తుంది. రెండింటినీ మూత ఉన్న డబ్బాలో పోసి, పైన రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి. ఆ ఏర్పాటు మాట్లాడకుండా పని మొదలుపెట్టడానికి నేను ఒప్పుకోను. కమిటీలో ఇద్దరు యువకులు ఈ బాధ్యత తీసుకుంటామన్నారు, వారి పేర్లు కార్యదర్శిగారు రాసుకున్నారు.

హౌజు విషయం ముతవల్లీ సాబ్‌తో మాట్లాడాను. ఇక తుత్తం వేయరు. తెట్టె కనబడగానే వజూ కుళాయిల దగ్గరికి మార్చి, హౌజు ఖాళీ చేసి గోడలు రుద్దిస్తారు. పక్కింటి స్నానపు నీళ్ళు హౌజు దాపులకు ఇంకుతున్న చోట సిమెంటు చేయిస్తామన్నారు. భాస్వరం దారి అదేనేమోనని నా అనుమానం. ఈ వేసవి చూస్తే తెలుస్తుంది.

తమ్ముడు ఇంకా సరేననలేదు. మొదటి నమూనా వాడి షాపు నుంచే తీసుకోవాలని నా కోరిక, పరాయివాళ్ళ గడపతో మొదలుపెడితే నా మాటకు విలువ ఉండదు. రెండు ప్లాస్టిక్ సీసాలు కడిగి, ఒకదాని మీద ‘ముందు’ అని, రెండోదాని మీద ‘తర్వాత’ అని రాసి మా బడి అలమారాలో ఉంచాను. సోమవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత అవి తీసుకుని వాడి షాపుకు వెళతాను.